గోడ మీది శరణ్య మేడం

శరణ్య చదువు పర్చూరు పక్క మిరపచేలో, మోటారు దగ్గర మొదలైంది. తండ్రి యలమందయ్య స్టార్టర్ డబ్బా మూత తీసి, "అమ్మాయ్, టార్చి ఇటు పట్టు" అనేవాడు. టార్చి పట్టుకున్న పిల్ల ఊరుకునేదా? ప్రశ్న మీద ప్రశ్న. జవాబు తెలియనప్పుడల్లా ఆయన "అది నువ్వే చదువుకుని నాకు చెప్పు" అనేవాడు. ఆ మాట పట్టుకుని ఎలక్ట్రికల్‌లో బీటెక్, ఎంటెక్, చివరికి పీహెచ్‌డీ దాకా వెళ్ళింది. క్లాసులో నిలబడి పాఠం చెప్పాలి, అంతే ఆమె కోరిక. సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చెయ్యమని స్నేహితురాలు అఖిల ఎంత పోరినా వినలేదు. మొండిది. ఆ మొండితనానికి దక్కిందల్లా మూడేళ్ళుగా ఇంటి వసారాలో ఇంటర్ పిల్లలకు ట్యూషన్లు.

ఆ మూడేళ్ళలో ఎక్కని కాలేజీ మెట్లు లేవు. ప్రతిచోటా ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా జరిగేది, తర్వాత ఫోను వచ్చేది కాదు. ఒంగోలులో ఒకాయన మాత్రం, "మీరు ఇప్పటికే ఒకచోట చేస్తున్నట్టున్నారుగా అమ్మా?" అన్నాడు. ఎవరినో చూసి తననుకున్నాడని సరిపెట్టుకుంది. లోపం తనలోనే ఉందనుకుని, తలుపేసుకుని అద్దం ముందు పాఠాలు చెప్పుకుంది పిచ్చితల్లి.

ఈ జూన్‌లో నల్లపాడు దాటాక ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీ నుంచి పిలుపొచ్చింది. ఎలక్ట్రికల్ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు. ఆ చోటు ఆమెకు కొత్త కాదు. పీహెచ్‌డీ చేతికొచ్చిన ఏడాది మొట్టమొదట వెళ్ళింది అక్కడికే. విభాగం పెద్ద గురునాథం గారు అప్పుడు, "ఉద్యోగం వచ్చినట్టే అనుకోమ్మా" అని సర్టిఫికెట్ల జిరాక్సులు, ఫొటోలు, పాన్‌కార్డు, చేరుతున్నట్టు సంతకం పెట్టిన కాగితం అన్నీ తీసుకున్నారు. చేరకముందే చేరినట్టు సంతకం ఏమిటని ఆమె అడగలేదు. మన వైపు కాలేజీ ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళెవరూ అడగరు. అడిగితే పొగరనుకుంటారని భయం. ఇంటికెళ్ళి చెబితే తల్లి సుబ్బరావమ్మ వీధంతా లడ్లు పంచింది. నెల తిరగ్గానే పోస్టు ఆగిపోయిందని కబురొచ్చింది. ఇప్పుడు మళ్ళీ పిలిచారంటే, ఆ ఆగిన పోస్టే కదిలిందని శరణ్య ఆశ.

వరండాలో కూర్చోబెట్టారు. అటెండరు బాజీ మంచినీళ్ళు తెచ్చి, గ్లాసు ఇవ్వబోతూ ఆగిపోయాడు. ఆమె మొహం చూశాడు. ఆమె వెనకున్న గోడ చూశాడు. మళ్ళీ మొహం చూశాడు. శరణ్య కూడా వెనక్కి తిరిగింది.

అద్దాల బోర్డులో విభాగం అధ్యాపకుల ఫొటోలు. రెండో వరసలో తన ఫొటో. కింద 'డాక్టర్ శరణ్య, అసిస్టెంట్ ప్రొఫెసర్'. అప్పుడిచ్చిన ఫొటోయే, ఆకుపచ్చ చీరలో.

అందుకోబోయిన గ్లాసు జారి నీళ్ళన్నీ చీర మీద పడ్డాయి. తనకు చెప్పకుండా తనే ఉద్యోగం చేస్తుంటే మనిషికి ఎలా ఉంటుందో చెప్పడానికి మన భాషలో మాట లేదు, దాని అవసరం ఇంతవరకూ రాలేదు కాబట్టి.

గదిలోకి వెళ్ళి, కూర్చోకుండానే అడిగింది. "సార్, ఆ బోర్డు మీద ఉన్నది నేనే కదండీ?"

గురునాథం గారు కంగారుపడలేదు, అదే ఆమెకు రెండో దెబ్బ. కళ్ళజోడు తుడుచుకుని, "అయ్యో, నువ్వా అమ్మా! ఆఫీసువాళ్ళు చూసుకోకుండా పిలిచేశారు. కూర్చో తల్లీ. పైవాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడు పాఠాలు చెప్పే మనుషులు తక్కువైతే సీట్లు కోసేస్తారు. అందరూ చేసేదే. మూడేళ్ళ నుంచి నువ్వు మా దగ్గరే ఉన్నావు" అన్నారు.

"ఇప్పుడు నిజంగా వస్తానండీ. తీసుకోండి."

"అదెలా కుదురుతుందమ్మా? నువ్వు ఇప్పటికే లెక్కలో ఉన్నావుగా. నిన్ను తీసుకుంటే మాకు మనిషి పెరగదు. కొత్త పేరు కావాలి."

ఒంగోలు ఆయన మాట అప్పుడు గుర్తొచ్చింది. పాన్‌కార్డు నంబరు కొడితే చాలు, ఆమె పేరు ఇక్కడ ఉన్నట్టు కాలేజీలవాళ్ళందరికీ కనిపించింది, ఆమెకు తప్ప. మూడేళ్ళ పాటు తన దారికి తనే అడ్డంగా నిలబడి ఉంది.

"ఒక పని చేస్తాను. ఇక్కడ మూడేళ్ళు పనిచేసినట్టు అనుభవం సర్టిఫికెట్ ఇచ్చి పంపిస్తాను. దాంతో ఎక్కడైనా కళ్ళకద్దుకుని తీసుకుంటారు. నష్టపోయిందేముంది తల్లీ?" అన్నారాయన, బిడ్డ పెళ్ళికి సాయం చేస్తున్నంత పెద్దరికంగా.

అది తీసుకుంటే రేపే ఉద్యోగం. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. ఒక్క క్షణం చెయ్యి ముందుకు రాబోయింది కూడా, అబద్ధమెందుకు? ఆ చేత్తోనే సంచీ తీసుకుని బయటికి వచ్చేసింది.

"బాజీ గారూ, నాకు క్లాసులు కూడా వేశారా?"

బాజీ తల దించుకున్నాడు. "రోజూ ఉంటదండీ. ఇప్పుడు జరిగేది మీ గంటే. ఆ చివరి గది."

ఆ గదిలో పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారు, వెనకబెంచీలో ఒకడు నిద్రపోతున్నాడు. "నేను శరణ్యనండీ" అంది. ఫోన్లు బల్లల మీదికి దిగాయి. ముందు బెంచీలో తేజశ్రీ అనే అమ్మాయి నోరు తెరిచి, "మేడం, మీరు నిజంగా ఉన్నారా? మీరు బాగా చెబుతారని ఏటా ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో మాచేత రాయిస్తారు" అంది. ఎవరూ నవ్వలేదు.

శరణ్య చాక్‌పీసు తీసుకుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే చేలో మోటారు తిరగకుండా ఎందుకు మూలుగుతుందో, ఆపకపోతే ఎందుకు కాలిపోతుందో చెప్పింది. తన నాన్నకు చెప్పినట్టే చెప్పింది. నిద్రపోతున్నవాడు లేచి, "మా మోటారు మొన్న అట్టాగే కాలింది మేడం" అన్నాడు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. మూడేళ్ళుగా ఈ పిల్లలకు రావలసింది, తనకు రావలసింది ఒకటేనని అప్పుడు తెలిసి, బోర్డు వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

బయటికొచ్చి అద్దం జరిపి తన ఫొటో పీకి సంచీలో పెట్టుకుంది. బాజీ గాభరాపడ్డాడు. "మేడం గారూ, నన్నడుగుతారండీ. ఏం చెప్పమంటారు?"

"మానేసిందని చెప్పండి."

"ఎప్పుడు చేరారంటే?"

"ఈ గంటే" అంది శరణ్య.