చుట్ట మానని తాతయ్య, ప్రార్థన మానని నాయనమ్మ

నిన్న జగ్గయ్యపేట బజార్లో ఈతాకు చాపలు కనిపిస్తే వంగి వాసన చూశాను. కొట్టతను నన్ను వింతగా చూశాడు. మన ఈడువాళ్లకైతే చెప్పక్కర్లేదు. ప్రార్థన అయ్యి లేచేసరికి మోకాళ్ల మీద చాప అల్లిక అచ్చు పడేది, గుర్తుందా?

నందిగామలో మా ఇంట్లో ఆ చాప నాయనమ్మది. కోడి కూయకముందే దాని మీద మోకరించి, "ప్రభువా, ఈ మనిషి చేత చుట్ట మానిపించు తండ్రీ!" అని కేకేసేది. ఏళ్ల తరబడి అదే ప్రార్థన. న్యాయాధిపతిని విసిగించి విసిగించి పని జరిపించుకున్న బైబిల్లోని విధవరాలే ఆవిడకు ఆదర్శం.

"దేవుడికేం చెవుడా? మెల్లగా చెప్పుకోవే!" అని తాతయ్య మంచం మీంచి విసుక్కునేవాడు.

"ఆయనకి వినపడుద్ది. నీకు వినపడాలనే అరుస్తున్నా."

ఒకసారి నాయనమ్మకు జ్వరం బాగా ముదిరింది. తెల్లవారినా ఇంట్లో కేక లేదు. తాతయ్య వసారాలో కాసేపు అటూ ఇటూ తిరిగాడు. చివరికి ఆరిపోయిన చుట్ట నోట్లో ఉండగానే వచ్చి, జన్మలో మొదటిసారి ఆ చాప మీద మోకరించాడు.

"ప్రభువా, నేనెవరో నీకు బాగా తెలుసు. ఇది రోజూ నీ దగ్గర పితూరీలు చెప్పేది నా మీదే. దీన్ని లేపు తండ్రీ. మళ్లీ చెప్పుకోనియ్యి."

మంచం మీద దుప్పటి కదిలింది.

"ముందు నోట్లో చుట్ట తియ్యవయ్యా!"

తాతయ్య చుట్టను పెరట్లోకి విసిరేశాడు. ఆమెన్ మాత్రం నాయనమ్మే చెప్పింది.