రెండో మలుపు దగ్గర బ్రేకు మాస్టారు

బ్రేకు మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు. నడుస్తూ నడుస్తూ ఆగిపోతారు. చనిపోయే ముందురోజు పొద్దున కూడా మా ప్రయోగశాల మెట్ల మీద, రెండో మలుపు దగ్గర, చూపుడువేలు పైకెత్తి ఆగారు. ఆయన వెనక నేను, నా వెనక గాజుసీసాల ట్రేతో ఒకాయన, ఆ వెనక టీ కప్పుతో డైరెక్టరు. మెట్లు ఇరుకు. టీ ఎక్కడ పడిందో వేరే చెప్పక్కర్లేదు. డైరెక్టరు గారి చొక్కాలన్నిటికీ ఒకేచోట మరక ఉండేది.

ఆగినప్పుడల్లా పాఠం ఉండేది. మా పనే అది మరి. కణంలో ప్రొటీను ఎలా అల్లాలో రాసి ఉన్న చీటీ ఆర్.ఎన్.ఎ. దాన్ని చదువుకుంటూ అల్లుకుపోయే యంత్రం రైబోజోము. ఆ చీటీకి రసాయనం తగిలించి ఒకటీ అరా అక్షరాలు పాడుచేయడం నా ఉద్యోగం. పాడైన అక్షరం దగ్గర యంత్రం ఏం చేస్తుందో చూడడం మాస్టారిది.

"ఆగిపోతుంది," అనేవారు మెట్ల మీద. "అదే చీటీ మీద వెనక వచ్చే యంత్రాలు దాన్ని గుద్దుకుంటాయి. ఆ గుద్దుకోవడం వల్లే ఎక్కడో ఏదో పాడైందని కణానికి తెలుస్తుంది."

"ఇక్కడ పాడైంది నా చొక్కా," అన్నారు డైరెక్టరు.

"ఆగడం తప్పు కాదండీ. తోచింది అల్లుకుంటూ పోవడం తప్పు."

రోజూ పది నిమిషాలు ఆలస్యం. ఎవరి వల్ల అని డైరెక్టరు అడిగితే, మాస్టారు తన పేరున రాసుకోమనేవారు. రాసీ రాసీ ఆలస్యాల పుస్తకంలో ఆయన పేజీ నిండిపోయి, పక్కవాళ్ల పేజీలోకి పాకింది.

నాకు మాత్రం ఆయన పిచ్చి కలిసొచ్చింది. చిన్నప్పుడు విరిగి అతికిన నా ఎడమ మోకాలు పదహారు మెట్లకోసారి మొరాయిస్తుంది. మలుపుకీ మలుపుకీ మధ్య సరిగ్గా పదహారు మెట్లు. నేను చేరిన కొత్తలోనే డైరెక్టరు గారు, మూడో అంతస్తుకి వేళకి ఎక్కలేనివాళ్లకి కింద స్టోరులో సీసాలు కడిగే పని ఉందని అందరికీ చెప్పారు. నాకప్పుడు ఏడాది ప్రొబేషను. మోకాలి సంగతి ఎవరికీ చెప్పలేదు. మాస్టారు పాఠం చెబుతుంటే శ్రద్ధగా గోడకి ఆనుకుని వినేదాన్ని. అంత శ్రద్ధ చూసే ఉద్యోగం ఖాయం చేశారనుకున్నాను.

ఎప్పుడూ వేలెత్తి మరీ ఆగే మనిషి, ఆ ఆఖరి రాత్రి నిద్రలో మాత్రం వేలెత్తకుండా ఆగిపోయారు.

తరవాతి సోమవారం అందరూ నన్ను దాటుకుని చకచకా ఎక్కిపోయారు. నేను రెండో మలుపులో కూలబడి మోకాలు రుద్దుకుంటున్నాను. తాళాలగుత్తితో దిగుతున్న వాచ్‌మన్ ఆగాడు.

"మాస్టారు గుర్తొచ్చారామ్మా?"

"ఆయనుంటే ఈపాటికి నలుగురం గుద్దుకుని ఉండేవాళ్లం," అన్నాను.

అతను తాళాలు సర్దుకున్నాడు.

"మీరు సెలవు పెట్టిన రోజుల్లో మాస్టారు ఎక్కడా ఆగేవారు కాదమ్మా. రెండేసి మెట్లు ఎక్కేవారు."