దొరగారి బంగ్లా లేని స్టేషన్

నా చిన్నప్పుడు మేమున్న రైల్వే క్వార్టర్స్ తలుపు తీస్తే ఎదురుగా ప్లాట్‌ఫారం, దాని అవతల పట్టాలు, పట్టాల అవతల కలప కాంట్రాక్టరు గారి బంగ్లా కనిపించేవి. ఈ ‘గారు’ నా నోటికి అలవాటు కొద్దీ వచ్చింది, గౌరవం కొద్దీ కాదు. డోర్నకల్ నుంచి భద్రాచలం రోడ్డుకు పోయే లైన్లో మాదొక చిన్న స్టేషన్. మా నాన్న అక్కడ బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. చుట్టూ అడవి. ఆ అడవిని దుంగలుగా కోసి వ్యాగన్లకెత్తించి ఆయన దొర అయ్యాడు. ఊరంతా ఆయన్ని దొరా అనే పిలిచేది. ఆయన టీ తాగడం పూర్తయ్యేదాకా స్టేషన్ మాస్టరు పచ్చజెండా ఊపేవాడు కాదు. ఇంజను పాపం పొగలు కక్కుకుంటూ నిలబడేది. దొర మనిషిని కూడా దుంగను చూసినట్టే చూసేవాడు, ఎంత లావుంది, ఎంత పలుకుతుంది అని.

మా పక్కింటి అక్క మిషన్ బళ్లో టెంపరరీ టీచరు. ఆదివారం చర్చిలో పాటలు చెప్పేది, మిగతా రోజుల్లో మాకు లెక్కలు చెప్పేది. గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు.

ఒకరోజు దొరగారు బండి కోసం వచ్చాడు. పనివాడు కుర్చీ తెచ్చాడు. కుర్చీ వేయాల్సిన నీడలో ఒక కోయ అవ్వ విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు పెట్టుకుని కూర్చుంది. జరగమని ఒక్కమాట అంటే జరిగేదే. ఆయన మాట ఖర్చు చేయలేదు. చెప్పుకాలితో కట్టలను పట్టాల మీదికి నెట్టి, కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అవ్వ కిందికి దిగి ఆకులు ఏరుకోసాగింది. స్టేషన్ మాస్టరు ఆకాశంలో మబ్బులు చూశాడు. గుమ్మంలోంచి చూసిన అక్క ఒక్కతే చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని పట్టాల మీదికి దిగి, చివరి ఆకు దాకా ఏరి కట్ట కట్టి ఇచ్చింది. దొరగారి వైపు కనీసం తలెత్తి చూడలేదు. ఇంటికొచ్చేసరికి ఆమె చీరంతా బొగ్గు.

ఆ చలికాలమే బళ్లో ఎగ్జిబిషన్ పెట్టారు. ముఖ్య అతిథి ఇంకెవరు, దొరగారే. బడికి పెంకుల కప్పు వేయిస్తానని మాట ఇచ్చాడు మరి. మన స్టేషన్ బొమ్మ కడదామని అక్క మా క్లాసు పిల్లలతో అంది. బల్లల మీద ఇసుక పోశాం. వెదురు బద్దలు పట్టాలయ్యాయి, అగ్గిపుల్లలు స్లీపర్లు, అగ్గిపెట్టెలు రైలు డబ్బాలు, పౌడరు డబ్బా ఇంజను. తునికి కొమ్మలు గుచ్చి అడవి చేశాం. ప్లాట్‌ఫారం మీది మనుషుల్ని నేనే చేశాను, నల్లరేగడి మట్టితో. చీపుళ్ల మోపులతో ఆడవాళ్లు, ఇప్పపువ్వు గంపలు, అడ్డాకుల అవ్వ. బంగ్లా ఎవరు చేస్తారని ఎవరో అడిగితే అక్క విననట్టే ఇంకో కొమ్మ గుచ్చింది.

ఇప్పుడు ఖానాపురం హవేలి కాలనీలోని ఈ ఇంట్లో, దవాఖానాలో నర్సు ఉద్యోగం ముగించాక, పాత తలుపు చెక్క మీద మళ్లీ అదే స్టేషన్ కడుతున్నాను. మా అమ్మాయి ముచ్చటపడి ఆన్‌లైన్లో ఒక రైలు బొమ్మల సెట్టు తెప్పించింది. విప్పి చూస్తే మంచు కప్పిన కొండ, ఎర్రబుగ్గల దొరసానులు, గొడుగులు పట్టుకున్న దొరలు. వాళ్లను మా అడవిలో నిలబెడితే ఎండకు మూర్ఛపోతారు. పట్టాలు, ఇంజను ఉంచుకుని ఆ పెద్దమనుషులందరినీ డబ్బాలో పెట్టి మూత వేశాను. మనుషుల్ని మట్టితోనే చేసుకుంటున్నాను. మొన్న మా వియ్యంకుడు వచ్చాడు, ప్లాట్ల వ్యాపారం ఆయనది. చూసి, “ఏంది చెల్లెమ్మా, అన్నీ పెంకుటిండ్లేనా? మా వెంచర్ గేటొకటి పెట్టరాదు, కళ వస్తది” అన్నాడు. చాయ్ ఇచ్చి పంపాను.

ఎగ్జిబిషన్ రోజు దొరగారు పూలదండతో మా బల్ల దగ్గరికొచ్చి ఆగాడు. చాలాసేపు వెతికాడు.

“నా బంగ్లా ఏది?”

హెడ్మాస్టరు ముందుకురికాడు. “ఏందమ్మా, స్టేషన్‌కు ఎదురుంగ గంత బంగ్లా నీకు కనవడలేదా?” అని అక్కను గదమాయించి, పరుగున పోయి ఖాళీ చాక్‌పీసుల డబ్బా ఒకటి తెచ్చాడు. దాన్ని పెట్టడానికి చోటు కావాలి. “వీళ్లెందుకు గిక్కడ అడ్డం” అంటూ నా మట్టి ఆడవాళ్లను ఏరి గుప్పిట్లో పట్టుకుని, ప్లాట్‌ఫారం మీదే ఆ డబ్బా నిలబెట్టాడు. చదువుకున్నవాడు, పొద్దున ప్రార్థనలో దీనుల గురించి చెప్పేవాడు.

దొరగారు తలూపాడు. “అవ్, గిప్పుడు ఊరు లెక్క ఉన్నది.”

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అక్క మాత్రం రోజూ బడి విడిచేటప్పుడు చెప్పే గొంతుతోనే, “పిల్లలూ, ఎవరి సామాను వాళ్లు తీసుకోండ్రి” అంది.

ఒకడు ఇంజను తీసుకున్నాడు. ఒకడు పట్టాలు కట్టగట్టుకున్నాడు. అడవి మొత్తం ఆడపిల్లల చేతుల్లోకి వెళ్లిపోయింది. అక్క హెడ్మాస్టరు ముందు చెయ్యి చాపి, “సార్, అవి ఈ పిల్లవి” అంటే ఆయన గుప్పిట విప్పక తప్పలేదు. చివరికి ఉత్త ఇసుక, మధ్యలో చాక్‌పీసుల డబ్బా మిగిలాయి.

“ఇగ మొత్తం మీదే అయ్యా. సల్లగ సూస్కోండ్రి,” అంది అక్క.

వెనకెవరో కిసుక్కున నవ్వారు. కొట్టడానికి, విసిరేయడానికి దొరగారి ముందు ఏమీ లేదు, ఆయన బంగ్లా తప్ప.

అక్క ఉద్యోగం మర్నాడే పోయింది. బహుమతి పరిశుభ్రత గురించిన చార్టుకిచ్చారు. పెంకులు మాత్రం రాలేదు. ఆ మరుసటేడు కూడా ఆయన అదే వేదిక మీద అవే పెంకులు ఇస్తానన్నాడు, హెడ్మాస్టరు చప్పట్లు కొట్టించాడు. అక్క భద్రాచలం దగ్గర ఒక గూడెంలో బడి చెప్పడానికి వెళ్లింది. సెలవులకు బండి దిగినప్పుడు చూసేదాన్ని, కాస్త నల్లబడింది, నవ్వు మాత్రం తగ్గలేదు.

తర్వాత నా బతుకులో ఇంకా చాలామంది దొరలు తగిలారు. పెద్ద డాక్టర్లు, కాలనీ పెద్దలు, బంధువులు. అన్నిటి మధ్యా తామే ఉండాలనుకునేవాళ్లు. అటువంటివాళ్ల మీద నాకు కోపం రాదు. కోపానికి కూడా కొంత విలువుంటుంది, అది వాళ్లకెందుకు? అక్క నేర్పినట్టు నావి నేను తీసుకుంటాను, నావాళ్లను వెంటబెట్టుకుంటాను, వాళ్ల గొప్పతనంతో వాళ్లను ఒంటరిగా వదిలేసి వచ్చేస్తాను.