అవ్వ వేలిని గుర్తుపట్టని ఫోను

కంప్యూటర్లు కనిపెట్టినవాళ్లు కూడా మా అవ్వ మస్తానమ్మ దగ్గర ట్యూషన్ చెప్పించుకోవాలి. తాళం పడిన ఫోనును కళ్లు మూసుకుని తెరిచిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే.

అవ్వ జువ్వలదిన్నెలో ఎండుచేపలు అమ్ముతుంది. ఉప్పులో నాని నాని ఆమె బొటనవేలి గీతలు అరిగిపోయాయి. రేషన్ మిషన్ ఆ వేలిని గుర్తుపట్టదు, సొంత ఫోనూ గుర్తుపట్టదు. అందుకని మూడో తరగతి చదివే మా చెల్లెలు వినీల ఆ ఫోనుకు నంబరు తాళం పెట్టింది. సాయంత్రాలు అందులో బడి పాఠాల వీడియోలు చూసేది ఎలాగూ తనే. నంబరు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు పొద్దున నాన్న చిన్న పడవ మీద, ఒడ్డుకు దగ్గరలోనే వేటకు వెళ్లాడు. ఉన్నట్టుండి గాలి లేచింది. పడవలన్నీ వెనక్కి రావాలని హార్బరు మైకులో ఒకటే అరుపులు. నాన్న ఆ వారమే సిమ్ మార్చాడు. కొత్త నంబరు అవ్వ ఫోనులో తప్ప ఎవరి దగ్గరా లేదు. నా ఫోను సముద్రానికి సమర్పించి చాలా కాలమైంది.

"తెరవరా!" అంది అవ్వ.

తోచిన అంకెలన్నీ కొట్టాను. ఫోను అలిగి, కాసేపు ఆగమంది.

"ఎనిమిదిదాకా చదివి ఏం ఉద్ధరించినావురా!" అని ఫోను లాక్కుని, చేపలను కాకులకు వదిలేసి బడికి పరుగెత్తింది. వెనకాలే నేను.

బడిలో గోడకున్న పెద్ద టీవీ ముందు ఎలిశబెతు మేడం ఫోను జాగ్రత్తల పాఠం చెబుతున్నారు.

"వినీలమ్మా, నంబరు చెప్పు. మీ నాయన సముద్రంలో ఉండాడు, గాలి లేచింది."

వినీల రెండు చేతులతో నోరు మూసుకుంది. "ఎవురికీ చెప్పగూడదని మేడం ఇప్పుడే చెప్పింది."

కిటికీ రెక్క ధన్‌మని కొట్టుకుంది. నాకైతే వినీల వీపు మోగించాలనిపించింది. అవ్వ మాత్రం కింద చతికిలబడి, ఫోను దాని ఒళ్లో పెట్టింది.

"చెప్పొద్దులే తల్లీ. నువ్వే కొట్టు. నేను కళ్లు మూసుకుంటా."

మేడంతో సహా తరగతంతా కళ్లు మూసుకుంది.

తాళం ఊడింది. నాన్న ఫోను మోగింది. ఎత్తలేదు. మళ్లీ చేశాం. మోగి మోగి, చివరికి గాలి హోరులోంచి, "ఏందిమా?"

"వల పోతే పోనీ, కోసేసి రా నాయనా!"

పడవ కనబడేదాకా అవ్వ ఒడ్డు మీదనుంచి కదల్లేదు.

ఇదంతా రాసి నిన్న ఆమెకు చదివి వినిపించాను. "ఎట్లుండాది అవ్వా?"

"కథ తర్వాతరా. మీ నాయన నంబరు చూడకుండా చెప్పు."