మా ఆవిడకు నచ్చిన సినిమాలు

ఆ సినిమాలు ఇంట్లోకి తెచ్చింది నేను. చెప్పవలసిన చోట ఈ మాట చెప్పలేదు కాబట్టి ఇక్కడ ముందుగా చెబుతున్నాను.

అప్పుడు నేను బొర్రా దాటి అరకు వైపు వచ్చే దారిలో ఒక చిన్న స్టేషన్‌లో స్టేషన్ మాస్టర్‌ని. ఇనుప రాయి మోసుకెళ్ళే గూడ్సు బళ్ళు ఎక్కువ, మనుషులు ఎక్కే బళ్ళు తక్కువ. మా క్వార్టర్‌కి ముందు పట్టాలు, వెనక కొండ. వానలు పట్టుకున్నాయంటే బట్టలు ఆరవు, ఫోను పలకదు, గోడలకు నాచు పడుతుంది. మా ఆవిడ ఏఎన్ఎం. పైనున్న ఆరు ఊళ్ళకు ఆమే నర్సు. టీకాల పెట్టె భుజాన తగిలించుకుని పొద్దున్నే కొండెక్కి, మధ్యాహ్నం దాటాక దిగేది. ఇద్దరివీ బొబ్బిలి పక్క వ్యవసాయం ఇళ్ళే. పెళ్ళయి నాలుగేళ్ళు. పిల్లలు లేరు.

బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక తోటి ఉద్యోగి నాకు ఒక హార్డ్ డిస్క్ ఇచ్చాడు. "మాస్టారూ, వానాకాలం గడవాలి కదా. యూరప్ సరుకు. ఇంట్లో ఆడోల్లు లేనప్పుడు సూసుకోండి" అని కన్ను కొట్టాడు.

ఫ్రాన్సువి, ఇటలీవి, స్పెయిన్‌వి. మాటలు అర్థం కావు, కింద ఇంగ్లీషు అక్షరాలు నడుస్తుంటాయి. అతను కన్ను కొట్టింది దేనికోసమో దానికోసమే నేనూ మొదలుపెట్టాను. అబద్ధమెందుకు? కానీ నాలుగైదు చూశాక పట్టుకున్నది వేరే. మన సినిమాల్లో కీడు రాబోతోందంటే సంగీతం ముందే చెప్పేస్తుంది. వీటిలో ఎవరూ ఏమీ చెప్పరు. సముద్రం ఒడ్డున ఒక తెల్లటి ఇల్లు, ఒక ఆడమనిషి, ఒక మగవాడు, తలుపు చాటున మరొకరు. పళ్ళెంలో చెంచా చప్పుడైనా గుండె జారుతుంది. ఆ తలుపు తెరిస్తే అవతల ముద్దు ఉందో కత్తి ఉందో తెలియదు. ఆమెకి తెలియనిది మనకి తెలుసు. ఆమె మెడ వెనక ఎవరు నిలబడ్డారో మనం చూస్తూ కూర్చుంటాం, కేక వేయం. అందులో ఒక నీచమైన సుఖం ఉంది. నేను దానికి అలవాటు పడ్డాను.

ఒకరోజు వాన ఎక్కువై మా ఆవిడ తొందరగా దిగి వచ్చేసింది. నేను ఉదయం డ్యూటీ దిగి, పరదా వేసుకుని చూస్తున్నాను. గబుక్కున ఆపబోయాను. ఆమె తువ్వాలుతో తల తుడుచుకుంటూ తెర వైపు చూసి, "ఆపకండి. ఆవిడ ఆ గదిలోకి ఎల్తందా లేదా?" అంది. తడి చీరతోనే కూర్చుంది.

కాన్పులు చేసే మనిషి. ఒళ్ళు చూసి సిగ్గుపడే రోజులు ఎప్పుడో దాటేసింది. నేను ఊపిరి బిగపట్టి చూసే చోట ఆమె తల దించుకుని రాజ్మా కాయలు ఒలుచుకునేది. మాటలు మొదలవగానే తల ఎత్తేది. నా కళ్ళు ఆగే చోట ఆమె కళ్ళు ఆగడం లేదని నాకు తెలుస్తూనే ఉంది.

ఒక సినిమా బాగా గుర్తు. సముద్రం పక్క ఊళ్ళో ఒక డాక్టరు భార్య. మేడ మీది గది ఒక కొత్త మనిషికి అద్దెకిస్తారు. ఆ ఊళ్ళో ఒక హత్య జరిగి ఉంటుంది. ఆమె ఏదో ఒక వంక పెట్టుకుని పైకి వెళుతూ ఉంటుంది.

"వాడే చంపాడు. ఈవిడ తెలియక వెళ్తోంది" అన్నాను.

"తెలవకేటి? తెలిసే ఎల్తంది."

"తెలిసి ఎందుకెళ్తుంది? పిచ్చా?"

ఆమె కాయలు పక్కన పెట్టింది. "మీరు సూడలేదేటి? ఆ మొగుడు మొదట్నించీ పేపరు అడ్డమెట్టుకునే మాటాడతన్నాడు. పైనున్నోడు సంపేవోడైతే అవనీండి. ఆవిడ మొకం సూసి మాటాడతన్నాడు."

ఆమె చెప్పినట్టే అయింది. చివరికి మొగుడు చచ్చిపోతాడు, పోలీసులు వచ్చి వెళ్ళిపోతారు, ఆమె కిటికీ దగ్గర కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటుంది. అంతే. మా ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "ఆవిడ సేత తప్పయిపోయిందని ఒక్కలూ అనిపించలేదు సూడండి. బాగుంది."

ఆ 'బాగుంది' నాకు గుచ్చుకుంది. పేపరు చదివే అలవాటు నాకూ ఉంది. ఆమె నన్ను అనలేదు. నన్నే అందనుకున్నాను.

ఆ రెండు నెలలూ మా కాపురంలో మంచి రోజులు. ఇది ఇప్పుడు తెలుస్తోంది. అన్నాలు తింటూ మాట్లాడుకునేవాళ్ళం. ఎవరు ఎవరిని మోసం చేస్తారో ఆమె సగం సినిమాలోనే చెప్పేసేది. ఒక్కటీ తప్పేది కాదు. నేను చెప్పినది ఒక్కటీ నిలిచేది కాదు. ఆడవాళ్ళ లోపల ఏముందో ఇంత తేలిగ్గా చెప్పగలిగిన మనిషి లోపల ఏముందో అని నన్ను పురుగు తొలవడం మొదలైంది.

ముందు చిన్న చిన్నవి చేశాను. సినిమా ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనగా "నిద్రొస్తోంది" అని ఆపేసేవాణ్ణి. మర్నాడు ఆమె కొండ మీద ఉండగా ఆ చివర నేనొక్కణ్ణే చూసి, తుడిపేసేవాణ్ణి. "ఫైలు పాడైపోయిందే" అనేవాణ్ణి. "అయ్యో, ఆ పిల్ల బతికిందో లేదో" అని ఆమె రెండు మూడు రోజులు అదే తలుచుకునేది. బతికిందని నాకు తెలుసు. చెప్పేవాణ్ణి కాదు. ఆమె మొహంలో ఆ వెలితి చూడటం నాకు బాగుండేది.

తర్వాత అనుమానం పెట్టుకున్నాను. పెట్టుకున్నాను అనే అనాలి, అది దానంతట అది రాలేదు. కొండల మీదికి గర్భిణుల కోసం బైక్ అంబులెన్స్ నడిపే మనిషి ఒకడు ఉండేవాడు. ఆ కొండల వాడే, ఇద్దరు పిల్లల తండ్రి. ఆమె ఫోనులో అతని నంబరు రోజుకు రెండుసార్లు కనిపించేది. అది ఆమె ఉద్యోగమని నాకు తెలుసు. తెలిసీ లెక్క చేయలేదు.

ఒక సెలవు రోజున అరకు వెళ్తున్నానని చెప్పి ఆమె వెనకే కొండెక్కాను. సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ మొక్కలు నడుం ఎత్తు దాటి ఉన్నాయి. వంగి వంగి నడిచాను. గుండె కొట్టుకుంటోంది. ఆ కొట్టుకోవడం నాకు నచ్చింది. నేనే సినిమాలో ఉన్నట్టుంది.

ఊరి చివర ఒక ఇంటి వాకిట్లో ఆమె కనిపించింది. తక్కెడ సంచిలో పసిబిడ్డను వేలాడదీసి తూకం చూసింది. రాసుకుంది. తర్వాత కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. ఎప్పుడూ ఆమెతో తిరిగే ముసలి ఆశా కార్యకర్త సొరబుర్రలోంచి చోడి అంబలి వంచి ఇచ్చింది. మా ఆవిడ తాగుతూ ఏదో చెబుతోంది, చుట్టూ ఆడవాళ్ళు పడీ పడీ నవ్వుతున్నారు. మగవాడన్నవాడు లేడు. నాకు నెమ్మది కలగాలి కదా? నిరాశ కలిగింది. ఎవడో ఒకడు అక్కడ ఉండాలని నేను కోరుకుంటూ ఎక్కాను.

ముసలామె మూతి కడుక్కోవడానికి ఇటు వచ్చి నన్ను చూసేసింది.

"ఏటి బాబూ, కాపీ తోటలో దూరినావు? నర్సమ్మని పిలవనా?"

"వద్దు, వద్దు."

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "జెలగలున్నాయి బాబూ. కాళ్ళు సూసుకో."

నేను ఇంటికి వచ్చిన గంటకి మా ఆవిడ వచ్చింది. నా ముందు ఉప్పు పొట్లం పెట్టింది. "జెలగలకి ఉప్పు ఎయ్యాలి. లాగకండి, పుండు పడతాది" అంది. పొయ్యి వెలిగించడానికి వెళ్ళిపోయింది. అప్పుడు 'తప్పయింది' అంటే సరిపోయేది. అనలేదు సరికదా, ఆ ఉప్పు పొట్లానికి నేను పగబట్టాను.

రెండు వారాలకి మా అత్తగారికి కంటి శుక్లాలు తీశారు. చూడటానికి ఊరు వెళ్ళాం. వీధరుగు మీద అత్తగారు నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది, కట్టు విప్పినా ఇంకా చూపు ఆనడం లేదు. పక్కన మా ఆవిడ అన్న, ఇద్దరు చిన్నాన్నలు. మా ఆవిడ లోపల వదినతో పొయ్యి దగ్గర ఉంది. నేను ఫోను తీశాను. అందులో ఒక సినిమా ముక్క ముందే ఎక్కించి ఉంచాను. ఏ ముక్క ఎక్కించాలో మూడు రోజులు ఆలోచించాను.

"బావా, చెప్పకూడదు కానీ, మీ చెల్లెలు నేను డ్యూటీలో ఉంటే ఇవి పెట్టుకుని చూస్తోంది. కొండ మీద ఆ బైక్ అంబులెన్స్ వాడితో తిరగడం కూడా నాకు నమ్మకంగా లేదు" అన్నాను. గొంతు మెత్తగా ఉంచాను. అది కూడా అలవాటు చేసుకున్నదే.

అతను ఫోను చూశాడు. లేచి లోపలికి వెళ్ళి ఆమెను జబ్బ పట్టుకుని అరుగు మీదికి లాక్కొచ్చి చెంప మీద కొట్టాడు. ఆమె చేతికి ఇంకా పిండి ఉంది.

మా అత్తగారు గాలిలో చేతులు చాపింది. "ఏటయిందిరా? ఎవల్ని కొట్టినావు? ఒరే, ఎవల్నిరా?"



మా ఆవిడ కింద పడి ఉన్న ఫోను చూసింది. ఆ బొమ్మ ఇంకా ఆడుతూనే ఉంది. తర్వాత నన్ను చూసింది. ఇప్పుడు చెబుతుంది, 'తెచ్చింది ఈయనే' అంటుంది అని ఎదురు చూశాను. ఏమని బుకాయించాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె చెప్పలేదు. లోపలికి వెళ్ళి చేతులు కడుక్కుని, చిన్న సీసా పట్టుకుని వచ్చింది. "అమ్మా, తలెత్తు. సుక్కలేసే టైమయింది" అంది. రెప్ప ఎత్తి రెండు చుక్కలు వేసింది. ఆమె చెంప మీద వేళ్ళు ఐదూ లేచి ఉన్నాయి. ఆ తల్లికి అవి కనిపించలేదు.

బస్సు కోసం నిలబడినప్పుడు నేనే అడిగాను. "నేను తెచ్చానని ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే మా అన్న నిన్ను కొడతాడేటి? నవ్వుతాడు." నాలుగేళ్ళలో ఆమె నన్ను 'నువ్వు' అనడం అదే మొదలు. "నానేటి సేత్తానో సూడాలని నీకుంది. సూసీసినావు కదా. బండెక్కు."

అక్కడితో ఆగలేదు. నేను ఒకచోట అన్న మాట నాలుగు చోట్లకు పాకింది. బైక్ అంబులెన్స్ నడిపే మనిషి భార్య ఆసుపత్రికి వచ్చి వాకిట్లో నిలబడి మా ఆవిడను నానా మాటలూ అంది. అతను తలెత్తుకోలేక పని మానేసి ఒడిశా వైపు వెళ్ళిపోయాడు. అతని చోట ఇంకొకరు వచ్చేసరికి నెలన్నర పట్టింది.

ఆ నెలన్నరలో ఒక ఉదయం. గూడ్సు బండికి పచ్చజెండా పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. పట్టాలకు అవతల, కొండ దిగిన దారిలో, డోలీ వచ్చి ఆగింది. కర్రకు దుప్పటి కట్టి, అందులో నిండు చూలాలు, మోసుకొచ్చిన నలుగురు, పక్కన మా ఆవిడ. బండి అప్పటికే స్టేషన్‌లోకి వచ్చేసింది. ఇంజన్ల చప్పుడులో ఆ పిల్ల అరుపు వినపడలేదు, నోరు తెరవడం మాత్రం కనిపించింది. తర్వాత పెట్టెలు. ఒక పెట్టెకీ మరో పెట్టెకీ మధ్య సందులో మా ఆవిడ కనిపించి మాయమయ్యేది, మళ్ళీ కనిపించేది. ప్రతిసారీ నన్నే చూస్తూ ఉంది. బండి పూర్తిగా వెళ్ళేదాకా నేను జెండా పట్టుకునే ఉండాలి. ఉన్నాను. చివరి పెట్టె దాటగానే వాళ్ళు పట్టాలు దాటి, నా పక్కనుంచే రోడ్డు మీదికి వెళ్ళిపోయారు. ఆమె నన్ను తాకకుండా టీకాల పెట్టె రెండో భుజానికి మార్చుకుంది. తల్లీ బిడ్డా బతికారు. అది నా గొప్ప కాదు.

ఆ ఏడాదే ఆమె అడిగి మరీ సీతంపేట వైపు బదిలీ చేయించుకుంది. నన్ను కింద, మైదానంలో ఒక స్టేషన్‌కి వేశారు. విడాకులు ఆమె అడగలేదు, నేనూ అడగలేదు. కాగితాల మీద మొగుడూ పెళ్ళాలమే. వాళ్ళన్నకి ఇప్పటికీ నేను నిజం చెప్పలేదు. కనిపిస్తే "ఓపిక పట్టు బావా" అని నన్నే ఓదారుస్తాడు.

అలాంటి సినిమాలు ఇప్పటికీ చూస్తాను. ఎందుకు నచ్చుతాయని ఎవరైనా అడిగితే ఒళ్ళు కనిపిస్తుందనో, భయం ఉంటుందనో చెప్పి తప్పించుకుంటాను. ఆ ఆడవాళ్ళు దేనికైనా తెగించి తలుపు తోసేముందు ఒక క్షణం ఆగుతారు. మా ఆవిడ కాయలు వదిలేసి తల ఎత్తేది అక్కడే. నాకు ఇప్పుడు ఆ చోటు తెలుసు. తెలిసి ఏం లాభం, పక్కన ఎవరూ లేరు.

పోయిన నెల ఫోను చేశాను. ఎత్తింది. ఏదో ఆసుపత్రి గదిలో ఉన్నట్టుంది, ఆడవాళ్ళ మాటలు, గిన్నెల చప్పుడు.

"నన్ను క్షమించావా?" అని అడిగాను. ఆ మాట అనడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

"అన్నం తింటన్నాను. తరవాత మాటాడతాను" అంది.

గిన్నె పక్కన ఫోను పెట్టిన చప్పుడు వినిపించింది. కట్ చేయడం మరిచిపోయినట్టుంది. అవతల ఎవరో "ఎవలు సిస్టర్?" అని అడిగారు. "ఎవలూ కాదు, మీరు తినండి, పులుసు సల్లారిపోతంది" అని ఆమె అనడం కూడా విన్నాను. ఇంకాసేపు పట్టుకున్నాను. వాళ్ళు తింటున్నారు, ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఇక్కడ పక్క స్టేషన్ వాళ్ళు బండి పంపడానికి లైన్ క్లియర్ అడుగుతుంటే నేనే పెట్టేశాను.