బోర్లా ఉండని కుర్చీ

మా ముత్తాత జగన్నాథరావు గారు గోదావరి అవతల ఒక ఎస్టేటుకు దివాను. వారి కుమారుడు, మా తాత సూర్యారావు గారు, పది ఊళ్ల తగవులు తీర్చిన మనిషి. ఆయన కూర్చుని తగవులు విన్న టేకు కుర్చీని, నాన్నగారు పోయాక, అమెరికాలో, మోరిస్‌విల్‌లోని మా ఇంటికి తెప్పించుకున్నాను.

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. భయపడే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పోయిన వేసవిలో చిన్న ఇంటికి మారాల్సి వచ్చింది. అక్కడ కుర్చీకి చోటు లేదు. మా అమ్మాయి సాహితి తేల్చి చెప్పింది.

"వైట్ పెయింట్ చేస్తే నా అపార్ట్‌మెంట్‌లో పెట్టుకుంటా నాన్నా. లేదంటే డొనేట్ చేసెయ్."

తాతగారి కుర్చీ పరాయివాళ్ల చేతికి పోవడానికి నేను ఒప్పుకోను. తెలుపైతే తెలుపే అనుకున్నాను.

వారం రోజులు పట్టుబట్టి చేశాను. పాత మైనం సబ్బునీళ్లతో కడిగాను. ఉప్పుకాగితంతో వార్నిషు గీకి, పగుళ్లలో లప్పం నింపి, మళ్లీ నునుపు చేసి, పొడి తుడిచాను. శనివారం ఉదయం కుర్చీని బల్ల మీద బోర్లా పెట్టి, కాళ్లకూ వాటి అడుగులకూ ప్రైమర్ వేశాను. గరాజ్ మూసి, నేనూ మా ఆవిడా కూరగాయలకు వెళ్లాం.

గంటలో తిరిగొచ్చేసరికి కుర్చీ నేల మీద పరిచిన కాగితాలపై నిటారుగా, తలుపుకేసి తిరిగి ఉంది. ప్రైమర్ ఇంకా తడి. దాని మీద ఒక్క వేలిముద్ర లేదు. కాళ్ల కింది కాగితానికి తెల్ల మచ్చ లేదు. తలుపు ఎవరు తెరిచినా నా ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. రాలేదు.

మళ్లీ తిరగేశాను. భోజనం చేసి వచ్చేసరికి అదే తీరు. ఆదివారం తాడుతో బల్లకు కట్టాను. అరగంట తరువాత తాడు బల్లకే ఉంది, ముడులు వేసినవి వేసినట్టే ఉన్నాయి. కుర్చీ మాత్రం కింద నిలబడి ఉంది.

ఫోన్‌లో చెబితే సాహితి నవ్వింది.

"మీ తాతగారికి హెడ్‌స్టాండ్ ఇష్టం లేదేమో నాన్నా. నిలబడనివ్వు."

నేను పని ఆపలేదు. ఎవరి ముందూ తల వంచని వాణ్ని, సిమెంటు నేల మీద వెల్లకిలా పడుకుని, నిలబడ్డ కుర్చీ కాళ్లకు రెండు పూతలు రంగు వేశాను. ఆ తరువాత అది కదల్లేదు. సాహితి దాన్ని అద్దె వ్యాన్‌లో నిటారుగా నిలబెట్టి తీసుకెళ్లింది.

ఎవరు తిప్పారో, ఎలా తిప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ కుర్చీకి జతవి ఇంకో పదకొండు ఉండేవి. నా చిన్నప్పుడే నాన్నగారు వాటిని అమ్మేశారు. కొన్నవాళ్లు కాళ్లు పైకి పెట్టి, లారీలో ఒకదాని మీద ఒకటి పేర్చి తీసుకెళ్లారు.