గోడ మీద అప్పలనరసమ్మ

ఈ ఉదయం సీతమ్మధారలోని నా గదిలో రంగుల్లో కలిపే అవిసె నూనె సీసా మూత తీయగానే, ఆ వాసనకు జరీనా ఆపా గుర్తొచ్చారు. నాకు మనుషుల బొమ్మలు వేయడం నేర్పింది ఆమే. ఇదే ఊళ్ళో పాతపట్నంలో వాళ్ళ నాన్నగారు పెట్టిన బొమ్మలు గీసే దుకాణాన్ని ఆయన పోయాక ఆమె నడిపేవారు. ఆపా అంటే అక్క. వీధంతా అలాగే పిలిచేది, నేనూ అలాగే పిలిచాను.

మాది తగరపువలస దగ్గర వ్యవసాయ కుటుంబం. డిగ్రీ అయ్యాక పని వెతుక్కుంటూ వచ్చి ఆమె దగ్గర చేరాను. దుకాణానికి వచ్చినవాళ్ళు లోపలికి తొంగిచూసి, కుంచె పట్టుకుని ఉన్న ఆమెనే "ఆర్టిస్టు గారు లేరా?" అని అడిగేవాళ్ళు. "ఉన్నారు, కూర్చోండి," అని ఆపా తన పనిలో పడిపోయేవారు. కాసేపటికి వాళ్ళకే సంగతి తెలిసేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. "గట్టిగా చెప్పొచ్చు కదా ఆపా," అంటే, "సెప్తే మర్సిపోతారు బేటీ. సూత్తే గుర్తుంటాది," అని నవ్వేవారు.

మా దగ్గర వేయించుకునేవి ఎక్కువగా తాతల బొమ్మలు, తండ్రుల బొమ్మలు. ఆడవాళ్ళ బొమ్మ అడిగారంటే ఆవిడ పోయిందనే అర్థం. ఏదో పెళ్ళి ఫోటోలోంచి ముఖం చూపించి, రంగు తేల్చమనీ నగలు చేర్చమనీ చెప్పేవారు. అలాంటి రోజుల్లో సింహాచలం అనే ఆయన వచ్చాడు. కిరాణా కొట్టు కొత్తగా కట్టించాడట. తాతదీ, తండ్రిదీ, తనదీ మూడు పెద్ద బొమ్మలు కావాలన్నాడు.

"మీ నాన్నగారు పోయాక కొట్టు ఎవరు సూసుకున్నారు?" అని ఆపా అడిగారు.

"మా అమ్మేనండి. నాను అప్పటికి బళ్ళో సదువుతన్నాను."

"మరి ఆవిడ బొమ్మ?"

"అమ్మ బొమ్మ ఏటికండి? బతికే ఉంది కదా."

"మీరూ బతికే ఉన్నారు కదా బాబూ," అన్నారు ఆపా, చాలా మర్యాదగా.

ఆర్డరు పోయిందనుకున్నాను. ఆయన బుర్ర గోక్కుంటూ వెళ్ళిపోయాడు గానీ, రెండు రోజుల తర్వాత తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ బొమ్మ వేయమని ఆపా కుంచె నా చేతికిచ్చారు.

ఆ తల్లి, అప్పలనరసమ్మ గారు, పట్టుచీర కట్టుకుని కర్రలా బిగుసుకుని కూర్చున్నారు. "నల్లగున్నానమ్మా, కూసింత తెల్లగా ఎయ్యి. ఈ ముడతలు తీసెయ్," అన్నారు. నాకు గీత సాగలేదు. ఆపా టీ తెప్పించి, ఆవిడ పక్కన చేరి, కొట్టు కబుర్లు అడిగారు. మొదట్లో సరుకు తెచ్చిన లారీవాడు మగవాళ్ళు లేరని బస్తాలు దింపనన్నాడట.

"మరేటన్నారు?"

"ఏటంటాను? కాటా నా సేతిలో ఉంది, నువ్వు ముందు బస్తా దింపు అన్నాను."

ఆ మాట అంటుంటే ఆవిడ గడ్డం పైకి లేచింది, చెయ్యి మోకాలి మీద గట్టిగా ఆనింది. "ఇప్పుడు ఎయ్యి," అని ఆపా నా చెవిలో అన్నారు. అలాగే వేశాను, ఆ నలుపుతో, ఆ ముడతలతో. పూర్తయ్యాక ఆవిడ చాలాసేపు చూసుకున్నారు. "ఇది నానే," అన్నారు. తెల్లదనం ఊసే ఎత్తలేదు.

కొట్టు తెరిచే రోజున మమ్మల్ని పిలిచారు. వెళ్ళి చూస్తే గోడ మీద మగవాళ్ళు ముగ్గురే ఉన్నారు. ఆవిడ బొమ్మ వెనక గదిలో బియ్యం బస్తాలకు ఆనించి ఉంది. "గోడ మీద సోటు సాల్లేదండి," అని సింహాచలం నసిగాడు. నేను నోరు తెరవబోతే ఆపా నా చెయ్యి నొక్కారు. అప్పటికే అప్పలనరసమ్మ గారు చీర కుచ్చిళ్ళు దోపుకుని స్టూలు లాక్కుంటున్నారు.

"నీ బొమ్మ దింపరా. నీకింకా సానా టైముంది."

కొట్టంతా గొల్లున నవ్వింది. ఆయన ముఖం ఎర్రబడింది, ఆ వెంటనే ఆయనకూ నవ్వాగలేదు. తన బొమ్మ తనే దింపి, తల్లి బొమ్మ అందించి, ఆవిడ దాన్ని మేకుకు తగిలించేదాకా స్టూలు పట్టుకుని నిలబడ్డాడు. ఆ సాయంత్రం ఆపా నడక చూడాలి, పండగ చేసుకుని వస్తున్న మనిషిలా ఉంది.

ఆ గోడ చూసి చాలామంది వచ్చారు. చేపలమ్మే ఆమె, కుట్టుపని చేసే ఆమె, ఆసుపత్రి నర్సు. ఇప్పుడు ఆపాకు చూపు మందగించింది, దుకాణం మూసేశారు. నేను సొంతంగా వేసుకుంటున్నాను. వారానికోసారి ఆపా ఫోన్ చేస్తారు. బొమ్మ ఎలా వచ్చిందని ఒక్కసారీ అడగలేదు. "ఈ వారం ఎవరొచ్చారు? ఏటన్నారు?" అనే అడుగుతారు. ఆమెకు చెప్పాలి కాబట్టి, ఎవరు వచ్చి కూర్చున్నా నేను ముందు వింటాను. మాటల్లో ఎక్కడో వాళ్ళ ముఖం దొరుకుతుంది.

ఇవాళ ఓడరేవులో క్రేన్ నడిపే అమ్మాయి వచ్చింది. ఆపాకు ఫోన్‌లో ఆ సంగతి చెప్పాను.

"ఏటంది?"

"తన బొమ్మలో క్రేన్ మొత్తం పట్టాలంటోంది ఆపా."

"అయితే పట్టించు," అన్నారు.

ఇంకా పెద్ద కాన్వాస్ తెప్పిస్తున్నాను.